బోర్లించిన ఫోను

పలాసలో సోంపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరికే ఫోనులో వార్తలు తెరిస్తే, మధ్యలో కిడ్నీ ఆసుపత్రి ప్రకటన వచ్చింది. పైకి జరిపితే డయాలసిస్ ప్రకటన. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీలకు ఏమవుతుందని ముందురోజు ఫోనులో వెతికాను. ఇంట్లో అందరికీ అదొక్కటే ఫోను కాబట్టి, వెతికినవన్నీ అప్పుడే చెరిపేశాను. ప్రకటనలు మాత్రం ఆగలేదు. భయమూ వేయలేదు, ఏమీ అనిపించలేదు. వాటిని అలా చూస్తూ ఉండిపోయాను.

పక్కనున్నావిడ కూడా చూసింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ కిడ్నీ బొమ్మ ఏమిటని ఎవరూ అడగరు. ఎవరికని మాత్రమే అడుగుతారు.

"నీకేనా బావు?"

తలూపాను.

"ఇంట్లో సెప్పినావా?"

"లేదండి."

"నాకొచ్చినప్పుడు నేనూ సెప్పలేదు. మా పాప నా ఫోన్లో పాటలు సూత్తంటే ఇయ్యే వచ్చినాయి. ఫోనుకి సెప్పినావు గానీ నాకు సెప్పలేదేటమ్మా అనీసింది. ఇప్పటికీ అదే మాటంటాది."

ఆవిడ చెయ్యి చాపి, నా ఫోనును నా ఒళ్లోనే బోర్లా పెట్టింది. హరిపురంలో దిగిపోయింది. సోంపేట వచ్చేదాకా నేను దాన్ని తిప్పలేదు.

ఇంటికెళ్లేసరికి మా అమ్మాయి రోజూలాగే ఫోను కోసం చెయ్యి చాపింది.

ముందు వాళ్లమ్మను పిలుచుకు రమ్మన్నాను.