జంపఖానాలో అల్బేనియా లీగు

మా కాలంలో భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, ఖాకీ బట్టల మనిషి మన గడప ముందు సైకిల్ దిగితే చాలు. ఎమర్జెన్సీ ముగిసి ఏడాది దాటలేదు. వరంగల్లో చదువుకున్న కుర్రాళ్లను పోలీసులు ఓ కంట కనిపెట్టి ఉండేవారు. సరిగ్గా అప్పుడే నాకు అల్బేనియా ఫుట్‌బాల్ లీగు పిచ్చి పట్టుకుంది. (నేను జన్మలో బంతి తన్నినవాణ్ణి కాను.) రేడియో షార్ట్‌వేవ్‌లో దూరదేశపు స్టేషన్‌ను పట్టి, ఏం విన్నామో రుజువుతో ఉత్తరం రాస్తే వాళ్లు బొమ్మ కార్డు పంపేవారు. అల్బేనియా స్టేషన్ వాళ్ల ఇంగ్లీషులో నాకు తేలిగ్గా అందేవి లీగు స్కోర్లే. అందుకని తేదీ, టైము, నోరు తిరగని జట్ల పేర్లు, పక్కన అంకెలు ఒక నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. అది కమ్యూనిస్టు దేశమన్న సంగతి, కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి, పోలీసు వెరిఫికేషన్ జరగాలనేదాకా నాకు పట్టలేదు.

కానిస్టేబుల్ వస్తాడని తెలిసిన పొద్దున నాకు ముందు ఆ నోట్‌బుక్కే గుర్తొచ్చింది. దాన్ని ఎవరు చూసినా రహస్య సందేశాలనే అనుకుంటారు. తగలబెడదామంటే చేతులు రాలేదు. నాన్న నేసి మడతపెట్టిన జంపఖానాల దొంతరలో, అన్నిటికంటే కొత్తదాని మడతలో దూర్చాను, షావుకారుకు ఇవ్వాల్సినదాన్ని ఎవరూ ముట్టరనే ధైర్యంతో. మా నేతగాళ్ల పేట కొత్తవాడలో మర్యాద ఒకటుందని ఆ కంగారులో గుర్తే రాలేదు. ఇంటికి పెద్దమనిషి వస్తే మగ్గం దిగిన కొత్త జంపఖానా పరుస్తారు. కానిస్టేబుల్ గడపలో బూట్లు విప్పగానే నాన్న దాన్నే లాగి విదిలించాడు. నోట్‌బుక్కు పోయి కానిస్టేబుల్ కాళ్ల దగ్గర పడింది.

ఆయన తీరిగ్గా కూర్చుని పేజీలు తిప్పసాగాడు. మధ్యలోంచి ఆ స్టేషన్ వాళ్లు పంపిన ఎర్రజెండా బొమ్మ కార్డొకటి జారింది. ఉద్యోగం పోయింది, ఇక మిగిలింది జైలే అనుకున్నాను. ఇదంతా ఏమిటని ఆయన అడిగాడు.

అమ్మే అందుకుంది. "బంతాట ముచ్చట్లు సార్. పొద్దుమూకితే రేడియో ముంగటనే కూసుంటడు."

ఆయన ఒక పేరు మీద వేలు పెట్టి నావైపు చూశాడు. "ఈళ్లు తొమ్మిది ఆటలాడి ఒక్కటి గూడ గెల్వలేదేంది?"

"అవ్ సార్," అన్నాను నేను. "ఇట్లనే ఓడితె కింది డివిజన్ల పడేస్తరు."

"పాపం," అన్నాడాయన. కార్డును మళ్లీ నోట్‌బుక్కులోనే పెట్టి, నడవడి మంచిదని కాగితం మీద రాసుకున్నాడు. లేస్తూ, ఆ దేశానికి ఉత్తరాలు మాత్రం మానెయ్యమన్నాడు.

ఉద్యోగంలో చేరాను. ఉత్తరాలు మానేశాను గాని రేడియో మానలేకపోయాను. (సౌండు తగ్గించి, చెవికి ఆనించుకుని వినేవాణ్ణి.) ఎండాకాలంలో ఒకనాడు చౌరస్తాలో ఆయన సైకిల్ నా పక్కనే ఆగింది.

"ఆ గరీబు టీము ఏమాయె? ఉన్నదా, పడ్డదా?"

ఇంకా వింటున్నానో లేదో ఆరా తీస్తున్నాడనుకుని, రేడియో బంద్ చేశానని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. మంచిదంటూ వెళ్లిపోయాడు. మళ్లీ నాకు కనబడలేదు.

అంతకుముందు ఆదివారమే ఆ జట్టు ఆఖరి ఆట గెలిచి పై డివిజన్లోనే నిలబడింది. ఆ వార్త వరంగల్ మొత్తంలో నాకొక్కడికే తెలుసు, వినాలనుకున్నవాడూ ఆయనొక్కడే. ఇప్పుడు నేను రిటైరయ్యాను. వెనక నుంచి సైకిల్ బెల్లు మోగితే ఈ వయసులోనూ ఉలిక్కిపడతాను. ఆ తర్వాత నవ్వొస్తుంది. "ఉన్నది సార్, పడలే," అని లోలోపలే జవాబు చెప్పుకుంటాను.