ఆషాఢంలో మిద్దె విప్పినాం

మీ ఇంటి కప్పు కారుతుంటే, దాన్ని బాగుచేసుకోవడానికి అనుమతి కావాలో అక్కర్లేదో మీకు నిజంగా తెలుసా, లేక ఎవరో అన్నది విని భయపడుతున్నారా?

మొన్న ధర్మవరంలో మా ఎదురింటాయన, చదువుకున్న మనిషే, కారుతున్న స్లాబు మీద సిమెంటు పూత మొదలుపెట్టించి, పర్మిషన్ లేకపోతే కూలగొడతారని ఎవరో అనగానే పనివాళ్లను పంపేశాడు. వాస్తు చూసేవాణ్ణి మాత్రం రెండోసారి పిలిపించుకున్నాడు. నాకు ముందు కోపం, తర్వాత నవ్వు, ఆ వెనకే మా నాయన గుర్తొచ్చాడు.

అప్పట్లో మాది చౌడు మిద్దె. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి తొక్కి, పైన నీరు దిగనివ్వని చౌడుమట్టి పోసిన ఆ కప్పు ఎండాకాలంలో ఎంత చల్లగా ఉండేదో మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. వానలకు ముందు కొత్త చౌడు పరచకపోతే ఎంతగా కురిసేదో కూడా. నేను కాలేజీలో చేరిన ఏడు, నడిమి దూలాన్ని చెదలు తినేశాయి. సరిగ్గా దాని కిందే నేలలో గుంట తీసి దించిన గుంట మగ్గం, దాన్ని పక్కకు జరపలేం; మగ్గం మీద షావుకారు నమ్మి ఇచ్చిన పట్టు పడుగు, చీరకు నిలువునా పరిచిన దారాలు. అది తడిస్తే మాకు మళ్లీ పట్టు ఇచ్చేవాడుండడు, పొయ్యి వెలగదు. ఆషాఢంలో ఇల్లు ముట్టుకోరాదని పెద్దలు అడ్డుపడితే, మబ్బులకు మాసాలు తెలియవని నాయన మిద్దె ఎక్కాడు. వీధిలోని మగ్గాలవాళ్లంతా, మా అలవాటు ప్రకారం, కూలి లేకుండా వచ్చి చెయ్యేశారు.

సగం విప్పేసరికి, వీధిలో చౌడు కుప్ప చూసి మున్సిపాలిటీ ఉద్యోగి ఒకడు ఆగాడు.

"ఏమప్పా, ఎవర్నడిగి విప్పినావు? పర్మిషన్ యాడుండాది?"

"ఆపమంటే ఆపుతాము. ఆపమని రాసిచ్చి పో," అన్నాడు నాయన పైనుంచే.

అతను రాయలేదు. మా అమ్మ ఊరుకుంటుందా? "రాసేకి చెయ్యి రాకుంటే ఈడనే కూచో సామీ, వాన వస్తే పడుగు మీద గొడుగు పట్టుకుందువు!"

వీధంతా గొల్లున నవ్వింది. కానీ రేపు కూలగొట్టిస్తానని అతను అరిచి పోగానే, నవ్వినవాళ్లే ఒక్కొక్కరూ మిద్దె దిగిపోయారు.

నాయన మట్టిచేతులతోనే మున్సిపల్ ఆఫీసుకు నడిచాడు, వెనక మేము. ఉన్న కప్పును ఉన్న ఎత్తులోనే బాగుచేసుకుంటే అనుమతి అక్కర్లేదనీ, గోడ జరిపినా అంతస్తు లేపినా తప్పక కావాలనీ పై అధికారి చెప్పాడు. "ఆ మాట మా వీధిలో చెప్పించండి సార్, మావోళ్లు భయపడి దిగిపోయినారు," అన్నాడు నాయన. బెదిరించినవాడే తలవంచుకుని వచ్చి అందరి ముందూ ఆ మాట చెప్పాడు! దిగినవాళ్లంతా మళ్లీ ఎక్కారు. పొద్దు గూకేలోగా కొత్త దూలం నిలిచింది, మరునాటికి చౌడు పరచడం అయిపోయింది.

ఆ వారమే కుండపోత. అమ్మ అరచెయ్యి పడుగు మీద ఆనించి చూసి, గుంటలో దిగి నేయడం మొదలుపెట్టింది. పైన వాన, కింద దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు. అంతటి గెలుపు మళ్లీ నేను చూడలేదు. ఆ ఊపులో మా చిన్నాయన తన మెట్లను వీధిలోకి జరపబోతే, "అది రిపేరు కాదప్పా, కబ్జా," అని ఆపినవాడూ మా నాయనే.

ఇప్పుడు చౌడు మిద్దెలు లేవు. ఒకరి మిద్దె మీదికి ఒకరు ఎక్కే అలవాటూ లేదు. ఎదురు నిలిచి అడిగే నోళ్లు కూడా వాటితోనే పోయాయేమో అని దిగులేస్తుంది. రేపు ఆఫీసు తెరవగానే పోండి. మీ పనికి ఏ అనుమతి కావాలో సూటిగా అడగండి. కావాలంటే తీసుకోండి. అక్కర్లేదంటే, ముహూర్తం చూడకుండా నిచ్చెన వేయండి.