తనంతట తానే నిలబడ్డ స్కర్టు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆడబిడ్డకు వనపర్తి కాలేజీలో సీటు వచ్చింది. ఆ పిల్ల చదువు సాగేదీ ఆగేదీ మా అత్తమ్మ చేతిలో ఉంది. ఆమె షరతు ఒక్కటే: మడమలు కనపడకూడదు.

"పంజాబీ డ్రెస్సు ఏసుకుంట అమ్మా, మడిమెలు కనపడయి" అంది పిల్ల.

"మనిషికి రెండు కాళ్లుంటయని ఊరందరికి తెల్వదా? విడివిడిగ సూపియ్యాల్నా?" అంది అత్తమ్మ.

"లంగా ఓణీ ఏసుకుంటే హాస్టల్ల అందరు నగుతరు. నేను పోను!"

మధ్యలో నేను నోరు జారాను. "పొడుగు స్కర్టు కుడత. అటు లంగా కాదు, ఇటు పంజాబీ కాదు" అన్నాను. అప్పటిదాకా నేను కుట్టినవి దిండు గలీబులే. కాకపోతే గద్వాల దర్జీలందరూ నా దగ్గరే పని నేర్చుకున్నారని పెళ్లయిన కొత్తలో అత్తమ్మకు చెప్పి ఉన్నాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఎలా?

కొత్త బట్ట కొనే మాటే లేదు. అత్తమ్మ తన పాత చీర తీసింది. నూలు అక్కడక్కడా చిరిగినా పట్టు అంచు మాత్రం నిన్న మగ్గం దిగినట్టుంది. నేను కత్తెర అందుకోగానే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మాది నేతపని ఇల్లు. ఆ చీర మా మామ నేసింది.

"నా కండ్ల ముంగట దానికి కత్తెర పెడ్తవా? మీ మామ చేతులు నరికినట్టుంటది!"

"నా చేతులు బాగనే ఉన్నయి గదనే" అన్నాడు మామ, మగ్గం గుంతలోంచి. ఎవరూ వినలేదు.

సరేనని కోయకుండానే కుట్టాను. చీర మొత్తాన్నీ కుచ్చిళ్లు పెట్టి, చిరుగులన్నీ వాటిలో దాచి, నడుముకు నాడా ఎక్కించాను. పాత బట్ట నిగనిగలాడాలని అత్తమ్మ గంజి పెట్టింది. ఏళ్ల తరబడి పడుగు నూలుకు గంజి పట్టించిన చెయ్యి. అదే లెక్కన దీనికీ పట్టించి, వాకిట్లో ఎండకు ఆరేసింది.

చెబితే నమ్మరు. సాయంత్రం దండెం మీంచి తీసి కింద పెడితే, స్కర్టు తనంతట తానే నిలబడింది. చూపు ఆనని పక్కింటి ముసలమ్మ వచ్చి, దాని పక్కనే కూర్చుని, కోడలి మీద చాడీలన్నీ చెప్పుకుంది. పోతూ పోతూ, "గీ పిల్ల మంచిది, ఎదురు మాట్లాడదు" అని మెచ్చుకుంది. కాస్త గాలి వీచి ఉంటే ఆ స్కర్టు కృష్ణ దాటి రాయచూరు చేరేదే. అంచు బరువు ఆపింది.

తెల్లవారితే ప్రయాణం. పిల్ల తొడిగి చూసుకుంది. గుమ్మంలో ఇరుక్కుంది. వెనక నుంచి నేను నెట్టాను, ముందు నుంచి మామ లాగాడు.

"బస్సుల ఎట్ల కూసుంట వదినా? ఇద్దరి సీటు కుచ్చిళ్లకే గావాలె!"

నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. ఇరుక్కున్న చోటే నిలబడి, "నాకు సదువొద్దు, ఏమొద్దు" అంది.

అత్తమ్మ కాసేపు కూతురిని చూసింది, కాసేపు అంచును చూసింది.

"కత్తెర ఏది?"

"మరి మామ చేతులో?" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

"ఆయనకు నేనున్న. దీనికి సదువుండాలె. తే ఇటు."

ఆమే కోసింది. కళ్లు మూసుకుని కోసిందని నేను అందరికీ చెబుతుంటాను గానీ, గీత గీసినంత తిన్నగా కోసింది. చిరిగిందంతా తీసేసినా రెండు స్కర్టులయ్యాయి. గంజి పోయేదాకా నీళ్లలో జాడించాం.

పొద్దున గద్వాల బస్టాండులో బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. పిల్ల ఒక చేత్తో సంచి పట్టుకుని, ఇంకో చేత్తో స్కర్టు పైకెత్తి ఎక్కింది. రెండు మడమలూ బస్టాండంతటికీ కనపడ్డాయి. నేను అత్తమ్మ వైపు తిరిగాను.

ఆమె బస్సు వెనక చక్రాన్ని పరీక్షగా చూస్తోంది.

"జర గాలి తక్కువున్నట్టుంది గదనే?" అంది.