సుంకప్ప చేన్లో రంగుగుండ్ల ఆట

పెయింట్‌బాల్ అంటే ఏముండాదప్పా! గాలి తుపాకీతో రంగుగుండు కొడతారు, తగిలినోడు బయటికి పోతాడు, అంతే. ఆ ఆటకు వజ్రకరూరు పక్కన క్లబ్బు పెట్టిన మొండోడు రామాంజులు. బెంగళూరులో అట్లాంటి ఆటస్థలంలోనే ఆరేండ్లు పని చేసి వచ్చినాడు. వచ్చీరాగానే, బీడుపడిన నాలుగెకరాలు ఇమ్మని వాళ్ల నాయన సుంకప్పను అడిగినాడు.

"విత్తనాల వాన పడేదాకా ఆడుకోపో. పడిందంటే గొర్రు దింపి విత్తేస్తా. మల్ల నన్ను అడగొద్దు," అన్నాడు సుంకప్ప. ఆ మనిషి మాటంటే మాటే.

రామాంజులు ఆ ఎండాకాలమంతా మాడి మసైనాడు. దాక్కునేకి పాత టైర్లు పేర్చినాడు, చుట్టూ వల కట్టినాడు, ముఖానికి ముసుగులు తెచ్చినాడు. ఉరవకొండలో అంగడి అంగడికీ తిరిగినాడు. బట్టలంగడి ప్రవీణ్ మొదట పగలబడి నవ్వినాడు, మల్ల తనే ఇంకో పదకొండు మందిని పిలుచుకొచ్చినాడు. ఆదివారం పొద్దున మొదటి ఆట అని ఖాయం చేసుకున్నారు.

శనివారం సాయంత్రం వాన దంచింది. ఊరంతా సంబరపడితే రామాంజులుకు గుండె జారిపోయింది. తెల్లారి ఆటకు అందరూ చేరేసరికి సుంకప్ప ట్రాక్టరుకు గొర్రు తగిలించుకొని గట్టు మీదికి రానే వచ్చినాడు.

"ఒక్క ఆట నాయనా, ఒక్కటే!"

సుంకప్ప ఇంజను ఆపి బీడీ ముట్టించినాడు. "కానీ," అన్నాడు.

రామాంజులు విజిల్ ఊదినాడు. తుపాకులు టపటపమన్నాయి. ఐదు నిమిషాలకు చప్పుడు లేదు. చూస్తే ఏముండాది! పన్నెండు మందీ నడుములు వంచి నేల వెతుకుతాండారు. వాన పడితే నేలలోంచి వజ్రాలు పైకి తేలే సీమ, పైన కొత్త వాన! రాయి తళుక్కుమంటే మనోళ్ల కాళ్లు ముందుకు కదుల్తాయా? ప్రవీణ్ అయితే తుపాకీ గట్టు మీద పారేసి పోయి, టైర్ల పక్కన రెండు చేతులా మట్టి కెలుకుతాండాడు.

"ఆట రా సామీ, ఆట!" అని గొంతు చించుకున్నాడు రామాంజులు. ఒక్కడూ తలెత్తలే. సిగ్గుతో వానికి ఏడుపొచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాడు.

సుంకప్ప బీడీ పారేసి ప్రవీణ్ తుపాకీ అందుకున్నాడు. "యాడ నొక్కాలరా?" అన్నాడు. కొడుకు చూపించినాడు.

ఇంక చూడాల! ఠప్. అంత దూరంలో ఒక వీపు మీద పచ్చ రంగు. ఠప్. ఇంకో వీపు. గడ్డి ఎటు ఊగుతాందో చూసి, గాలికి తగ్గట్టు జరిపి కొడతాండాడు. పన్నెండు గుండ్లు, పన్నెండు వీపులు. ఒక్కటంటే ఒక్కటి నేలపాలు కాలే. రామాంజులు నోరు తెరుచుకొని నిలబడిపోయినాడు. వయసులో జొన్నచేన్లో మంచె ఎక్కి, కంకి చెదరకుండా వడిసెల రాయితో పిట్టను లేపేవాణ్నని నాయన చెప్తే, గొప్పలు కొడతాండాడని ఇన్నేండ్లూ నవ్వుకున్నాడు వీడు. ఇట్లాంటి మనిషి చేతి కిందనా నేను పెరిగింది అనుకుంటే వానికి ఒళ్లు జలదరించింది.

వీపులు తడుముకుంటా అందరూ తిరిగి చూసినారు.

"పెద్దాయనా, మా జట్టుకు రా!"

"లేదు లేదు, మాకే కావాల!"

సుంకప్ప వంగి ఇంత మట్టి తీసి పిడికిట్లో పిసికి విత్తేకి పదునుందో లేదో చూసినాడు. సుంకప్ప మట్టి దులుపుకొని ట్రాక్టరెక్కి, బండి వెనక్కి తిప్పినాడు.

"పై చేను విత్తుకొని మధ్యాన్నానికి వస్తా. ఈ చేను నువ్వే ఉంచుకో. నేనొచ్చేలోగా ఆ రాళ్లేరుకునే పని ముగించమను. వంగినోళ్లను కొడితే ఏం మజా రా!"