పొదుపు మాస్టారి శిష్యరికం

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మేం కాపురం పెట్టిన ఆ మొదటి ఏడాది ఇప్పుడు తలుచుకుంటే, ఏం వండుకున్నామో, ఏం కట్టుకున్నామో అంతగా గుర్తు రాదు గానీ, ఆ ఇంట్లో ఏ స్విచ్ ఎక్కడుందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలను. అప్పట్లో నా ధ్యాసంతా వాటి మీదే. మా ఆయన కారు విడిభాగాల ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే ఉద్యోగంలో ఉండేవారు. రాత్రి షిఫ్టు. నేను పగలు ఒక వేర్‌హౌస్‌లో పెట్టెల మీద స్టిక్కర్లు అంటించేదాన్ని (తెనాలిలో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినప్పుడు ఈ స్టిక్కర్ల సంగతి ఎవరూ చెప్పలేదు). సొంత ఇల్లు కొనుక్కోవాలని ఇద్దరికీ ఆశ. జీతాలు పెంచుకోవడం మన చేతిలో లేదు గనక ఖర్చు తగ్గించడమే దారి అని నేను తీర్మానించాను. మా ఆయన తలూపారు. ఆయనది అనంతపురం. ఎండను తట్టుకున్న మనిషి, చలి ఒక లెక్కా అనుకున్నాం. అప్పటికి అక్టోబరే.

తికమక బిల్లు పేరుతోనే మొదలైంది. మా ఒంటారియోలో కరెంటు బిల్లును హైడ్రో బిల్లు అంటారు. హైడ్రో అంటే నీళ్ళు అని చదువుకున్న బుర్ర నాది. మొదటి బిల్లు చూసి, అమ్మో, ఇన్ని నీళ్ళు వాడుతున్నామా అనుకుని నడుం బిగించాను. షవర్ బంద్ చేయించి ఇద్దరికీ బకెట్ స్నానాలు పెట్టాను. గిన్నెలన్నీ ఒకే టబ్బులో ముంచి కడిగాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా దాచాను (దేనికో నాకూ తెలియదు, ఇంట్లో ఒక్క మొక్కైనా లేదు). తర్వాతి బిల్లు ఇంకా ఎక్కువ వచ్చింది. వేర్‌హౌస్‌లో నా పక్కన పనిచేసే పంజాబీ ఆవిడ అసలు సంగతి చెప్పి, భోజనం మానేసి మరీ నవ్వింది. ఆ సాయంత్రం మా ఆయన షవర్ కింద చాలాసేపు నిలబడి పాటలు పాడుకున్నారు. నేను మాత్రం నీళ్ళ మీది నుంచి దృష్టి తీసి స్విచ్‌ల మీద పెట్టాను.

అప్పుడే నాకు గురువు దొరికారు. మా ఇల్లు వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే టౌన్‌హౌస్‌లలో ఒకటి. గోడకు అవతల ఒక రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు గారు, ఆంటీ ఉండేవారు. ఏనాడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయనకు మా ఇద్దరి మధ్యా పొదుపు మాస్టారని పేరు. కరెంటు ఆదా చేయడం ఆయనకు పిసినారితనం కాదు, ఒక శాస్త్రం. సాయంత్రం ఏడు దాటితే రేటు తగ్గుతుంది గనక అన్నం అప్పుడే వండాలన్నారు. బట్టలు శనివారం ఉతకాలి, మూత లేకుండా గిన్నె పొయ్యి మీద పెట్టకూడదు, మనిషి లేని గదిలో హీటర్ ఉండకూడదు. నేను చేతులు కట్టుకుని వినేదాన్ని. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఆయన ఫలితం. ఏళ్ళ తరబడి ఎంత పొదుపు చేసినా బిల్లు దిగలేదట. ఆయన మాత్రం పట్టు వదల్లేదట. సరిగ్గా ఈ ఏడాది నుంచే గబగబా దిగడం మొదలైందట. "ఓపిక పట్టాలమ్మాయ్. సైన్సు ఆలస్యంగానైనా ఫలితమిస్తుంది" అనేవారు. ఆంటీ పక్కన నవ్వుతూ, వెళ్ళేటప్పుడు నా చేతిలో గుప్పెడు కరివేపాకు పెట్టేవారు. వెనకగదిలో ఆవిడ కరివేపాకు మొక్కలు పెంచేవారు. బిల్లు దిగింది కదా అని మాస్టారే ఆ గదిలో మొక్కల కోసం ఒక హీటరూ, పెద్ద దీపాలూ పెట్టుకోనిచ్చారట. మనిషి లేని గదిలో హీటర్ కూడదన్నారు కదా అని నేను అడగబోయి, శిష్యురాలికి అంత తగదని ఊరుకున్నాను.

గురువును మించాలన్న తపనతో నేను చేసిన పనులు ఇప్పుడు చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగా ఉంటుంది. మా ఇంట్లో హీటర్లన్నీ కరెంటువే, గోడ అడుగున పొడవుగా ఉండేవి. పడకగదిది తప్ప అన్నీ ఆపేశాను. వంటింట్లో కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని చపాతీలు వత్తేదాన్ని. వారానికి సరిపడా కూరలు శనివారమే వండేసేదాన్ని కాబట్టి, గురువారం వచ్చేసరికి అది బీరకాయో సొరకాయో ఇద్దరికీ తెలిసేది కాదు. మా ఆయన రాత్రంతా పనిచేసి వచ్చి, రెండు స్వెట్టర్లు తొడుక్కుని, రెండు రజాయిల కింద దూరి పగలు పడుకునేవారు. దేనికీ ఎదురుచెప్పేవారు కాదు. ఒక్కసారి మాత్రం, ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన పని అడిగి మరీ వేయించుకున్నానని చెప్పారు. ఇంత చేసినా మా బిల్లు దిగలేదు సరిగదా, చలి ముదిరేకొద్దీ పెరుగుతూ పోయింది. స్టాటిస్టిక్స్ చదివిన దాన్ని, ఎన్ని రకాలుగా ఆలోచించినా ఈ రెండూ ఒక చోట ఇమడడం లేదు.

ఇమడని చోట మనిషిని అనుమానించడం తేలిక. పగలంతా ఇంట్లో ఉండేది మా ఆయనే కదా. నేను డ్యూటీకి వెళ్ళగానే హీటర్లన్నీ వేసుకుని, నేను వచ్చే వేళకు ఆపేస్తున్నారేమోనని పురుగు తొలిచింది. ఇంటికి రాగానే బూట్లు విప్పకముందే హీటర్ల మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. అన్నీ మంచులా ఉండేవి. ఒకరోజు ఆయన లేచి కూర్చుని ఇదంతా చూశారు.

"నేను ముట్టలేదు" అన్నారు.

"మరి ఎవరు ముట్టుకున్నట్టు?"

"అదే నాకూ అర్థం కాలేదు. నువ్వే పొద్దున లేచి చలికి తట్టుకోలేక వేసుకుంటాండావేమో అని నేననుకుంటున్నా."

కొత్త కాపురంలో అబద్ధమాడేది ఎవరో తేలకపోతే ఎంత కష్టమో, ఎవరూ ఆడడం లేదని తేలితే అంతకంటే ఎక్కువ భయం. రెండు రోజులు ముభావంగానే గడిచాయి. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి గొంతు అలా ఉందేమని అడిగితే చలి అని చెప్పాను. అదీ నిజమే.

క్రిస్మస్ సెలవుల్లో విండ్సర్‌లో ఉండే మా పెదనాన్న కూతురు పిలిస్తే వెళ్ళాం. వెళ్ళేముందు ఇల్లంతా తిరిగి ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్గు పీకాను, గడియారం బ్యాటరీదైనా ఒకసారి అనుమానంగా చూశాను. పైపులు గడ్డకట్టకుండా హీటర్లు అన్నిటికన్నా తక్కువలో పెట్టమని మాస్టారు చెబితే అలాగే చేశాం. అక్కయ్య ఇంట్లో వెచ్చగా, పల్చటి చీరలో తిరుగుతుంటే నాకు సొంతూళ్ళో ఉన్నట్టనిపించింది. మా ఆయనైతే సోఫాలో కూర్చున్నచోటే నిద్రపోయి, భోజనానికి లేచి, మళ్ళీ నిద్రపోయారు. అక్కయ్య నన్ను పక్కకు పిలిచి, ఆయనకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

జనవరిలో డిసెంబరు నెల బిల్లు వచ్చింది. మేం వచ్చాక వచ్చిన బిల్లులన్నిట్లోకీ పెద్దది అదే. మనుషులు లేని ఇంట్లో అంత కరెంటు ఎవరు కాల్చారు? ఇంట్లో మాకు తెలియకుండా ఎవరైనా ఉంటున్నారా అని టార్చి పట్టుకుని బేస్‌మెంటులో మెట్ల కింద వెతికాను. పాత టెంట్ ఒకటీ, మాకు ముందు ఇక్కడ అద్దెకున్న స్టూడెంట్లు వదిలేసిన గిటారొకటీ కనిపించాయి. గిటారు వాయిస్తే కరెంటు కాలదు. ఏం తోచక, బిల్లు పట్టుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని గురువుగారింటికి వెళ్ళాను.

మాస్టారు మంచి హుషారులో ఉన్నారు. వచ్చే శనివారం ఊరి లైబ్రరీ హాల్లో తెలుగువాళ్ళంతా కలుస్తున్నారు, చలికాలంలో పొదుపు గురించి ఆయన మాట్లాడబోతున్నారు. నన్ను కూడా లేచి నా అనుభవం చెప్పమన్నారు. నా బిల్లు చూసి, నేను ఎక్కడో పద్ధతి తప్పుతున్నానన్నారు. తర్వాత మామూలుగా, ఆంటీ ఇచ్చిన కాఫీ చల్లార్చుకుంటూ, తన సంగతి చెప్పారు. క్రిస్మస్‌కు కూతురూ అల్లుడూ పిల్లలూ దిగారట, ఇల్లంతా హీటర్లు, రోజుకు రెండుసార్లు ఓవెన్, పిల్లలకు వేడినీళ్ళ టబ్బులు. "అయినా చూడమ్మాయ్, ఎన్నడూ లేనంత తక్కువ వచ్చింది" అన్నారు. నేను ఆశ్చర్యపోయి ఆయన పద్ధతి గొప్పదనం గురించి ఏదో అంటున్నాను. మా ఆయన మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి, మా రెండిళ్ళ మధ్య గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. మెషిన్ చప్పుడు తేడాగా వచ్చినప్పుడు ఆయన అలాగే చూస్తారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే నన్ను బేస్‌మెంటులో మెయిన్ స్విచ్ దగ్గర నిలబెట్టి, తాను ఫోన్ పట్టుకుని బయట మంచులోకి వెళ్ళారు. మా మీటరూ మాస్టారి మీటరూ బయటి గోడ మీద పక్కపక్కనే ఉంటాయి. బిల్లు మీద ఉన్న మీటర్ నంబరు ఎడమవైపు దానితో సరిపోయిందని చెప్పి, ఇక స్విచ్ ఆపమన్నారు. ఆపాను. ఇల్లంతా చీకటైంది.

"ఇంకా ఆపలేదేం?"

"ఆపానండీ. నా చెయ్యి నాకే కనపడడం లేదు."

"మన మీటర్ నడుస్తానే ఉంది."

"మరి ఏదీ ఆగలేదా?"

మంచులో ఆయన రెండడుగులు పక్కకు వేసిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "ఆగింది" అన్నారు చివరికి. "మాస్టారిది ఆగింది."

చీకట్లో ఆ మాట నాకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఇల్లు కట్టినప్పుడు ఎవరో తీగలు అటూ ఇటూ కలిపేశారు. ఆయన వాడింది మాకు, మేం వాడింది ఆయనకు లెక్క పడుతోంది. నేను కోటు వేసుకుని చపాతీలు వత్తితే దిగింది మాస్టారి బిల్లు. ఆ బిల్లు దిగిందన్న ధైర్యంతో ఆంటీ కరివేపాకుకు హీటర్ పెడితే పెరిగింది మా బిల్లు. మా ఆయన లోపలికొచ్చి బూట్ల మంచు దులుపుకుంటూ, ఇన్నాళ్ళూ ఆవిడిచ్చిన కరివేపాకు ఊరికే ఇచ్చింది కాదన్నమాట అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక మెయిన్ స్విచ్ వేయడం కూడా మర్చిపోయాను.

చెప్పడమెలా అన్నది అసలు సమస్య. శనివారం మీటింగ్ అయ్యాక చెబుదామన్నారు మా ఆయన. పెద్దాయన అందరి ముందూ పొదుపు గురించి మాట్లాడి, ఆ తర్వాత అది తనది కాదని తెలుసుకోవడం నాకు బాగా అనిపించలేదు. ఆ సాయంత్రమే వెళ్ళాం. మా ఆయన చాలా మెల్లగా, బాగుచేయడానికి వచ్చిన మనిషిలా చెప్పారు. మాస్టారు మొదట నమ్మలేదు. ఒక శాస్త్రజ్ఞుడు ఒక్క ప్రయోగంతో తేల్చకూడదన్నారు. ఇంటి చెప్పులతోనే మంచులోకి నడిచి, మా చేత మళ్ళీ స్విచ్ ఆపించి, వేయించి, మళ్ళీ ఆపించారు. ఆంటీ వెనకాలే కోటు పట్టుకుని పరిగెత్తారు. లోపలికొచ్చాక ఆయన తడిసిన చెప్పులు విడిచి కుర్చీలో కూలబడ్డారు.

"అయితే ఆ స్టూడెంట్లు..." అన్నారు.

నాకప్పుడు తట్టింది. ఏళ్ళ తరబడి ఆయన దీపాలార్పుకుని కూర్చుంటే, ఆ లాభమంతా మా ఇంట్లో ముందున్న కాలేజీ కుర్రాళ్ళకు పోయింది. వాళ్ళు తెల్లవార్లూ వెలిగించుకున్నదాని బిల్లు ఈయన కట్టారు. ఫలించిన సైన్సు ఏమిటంటే, వాళ్ళు ఖాళీ చేయడమూ మేం దిగడమూ. ఆంటీ మాత్రం ఆయన కాళ్ళు తుండుగుడ్డతో తుడుస్తూ, "ఇన్నేళ్ళు నా చేత చీకట్లో వంట చేయించారు కదండీ" అన్నారు. కోపంగా కాదు. ఏదో ఇప్పుడే లెక్క తేలినట్టు.

శనివారం మాస్టారు మీటింగ్ మానేస్తారనే అనుకున్నాం. రాలేదు సరే అనుకుని మేం వెనక వరసలో కూర్చున్నాక, టై కట్టుకుని వచ్చారు. రాసుకొచ్చిన ఉపన్యాసం జేబులోంచి తీయనేలేదు. నిలబడి జరిగిందంతా చెప్పారు. స్టూడెంట్ల దగ్గర్నుంచి కరివేపాకు దాకా ఒక్కటీ దాచలేదు. హాలంతా పడీపడీ నవ్వింది. చివర్లో ఆయన నా వైపు తిరిగి, "నేను ఈ అమ్మాయికి పాఠం చెప్పాననుకున్నాను. ఈ పిల్ల చలిలో కూర్చుని నా ఇల్లు వెచ్చగా ఉంచింది. లేమ్మా, ఒకసారి అందరికీ కనపడు" అన్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే లేచి నిలబడ్డాను. ఎందుకు కొడుతున్నారో, నేను తెలివైన దాన్నో తెలివితక్కువ దాన్నో, ఆ క్షణంలో ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. పక్కన మా ఆయన కూడా కొడుతున్నారు.

కరెంటువాళ్ళు వచ్చి మీటర్లు సరిచేశారు, పాత లెక్కలు రెండు వైపులా సర్దారు. ఆంటీ మొక్కల హీటర్ తీసేయబోతే మాస్టారే వద్దన్నారట. మాకు మొట్టమొదటి సరైన బిల్లు వచ్చింది. ఎంత చిన్నదంటే, తప్పుగా వచ్చిందేమోనని మళ్ళీ మా ఆయన్ని బయటికి పంపాను. నేను గెంతులు వేయాలి కదా. వేయలేదు. వెళ్ళి హాల్లో హీటర్ వేశాను. మా ఆయన నిద్రలో ఉండి, ఎవరో వేరే ఇంట్లో పడుకోబెట్టారనుకున్నారట.

ఇప్పుడు మిస్సిసాగాలో ఉంటున్నాం. మనుషులెలా మారతారో గానీ, ఈ ఇంట్లో నా వెనకాలే లైట్లు ఆర్పుకుంటూ తిరిగేది మా ఆయన. నేను ఏ గదిలోంచి ఏ గదికి పోయినా వెనక్కి చూసే అలవాటు పోయింది. మొన్న మా అమ్మాయి అది చూసి, "అమ్మ ఎప్పుడూ ఇంతేనా డాడీ?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నా మొహంలోకి చూసి నవ్వి ఊరుకున్నారు. నేనూ చెప్పలేదు. చెప్పాలంటే, కేంబ్రిడ్జ్‌లో నాకు తెలిసిన ఒకమ్మాయి ఉండేదని మొదలుపెట్టాలి. చాలా చురుకైన పిల్ల, లెక్కలు బాగా వచ్చు. చలేస్తోందన్న ఒక్క మాట మాత్రం ఎవరితోనూ చెప్పేది కాదు, తనతో తాను కూడా.