వెనక గదికి లైన్

మా ఇంటి ఓనరు సదానందం అంటే నాకు పడదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. వరంగల్ శివనగర్‌లో అతని ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. కింద అతను, భార్య సుకన్య, తల్లి సమ్మమ్మ ఉంటారు.

సదానందం చౌరస్తాలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దంతా చీరలు విప్పి చూపించడం, ఒక్కటీ కొనకుండా లేచి వెళ్లిపోయేవాళ్లకు నవ్వుతూ దండం పెట్టడం, మళ్లీ మడతలు వేయడం అతని పని. ఆ కసి ఎక్కడ తీర్చుకుంటాడంటే, తాను కొనడానికి వెళ్లిన ప్రతి దుకాణంలోనూ. చెప్పులు కొనాలన్నా ఉన్న సరుకంతా కిందికి దింపించి, "మళ్ల ఒస్త" అని లేచి వచ్చేస్తాడు. వచ్చి ఆ ముచ్చట గొప్పగా చెప్పుకుంటాడు. నేను మాత్రం ఎన్నడూ నవ్వలేదు.

ఎండాకాలం గాలిదుమారం లేస్తే మా వీధిలో కరెంటు గంటలకొద్దీ రాదు. ఇన్వర్టరా, జనరేటరా, సోలారా అని అతను హనుమకొండ దుకాణాలన్నీ తిరిగాడు. జనరేటర్లు స్టార్ట్ చేయించి చప్పుడు విన్నాడు. బ్యాటరీలు అట్టపెట్టెల్లోంచి తీయించాడు. సోలార్ వాళ్లను డాబా ఎక్కించి, కొలతలన్నీ తీయించి, చాయ్ కూడా పోయకుండా పంపించాడు. ఈ తిరుగుడులోనే సగం ఎండాకాలం గడిచిపోయింది.

ఈలోపు వెనక గదిలో సమ్మమ్మ వీపు కందిపోతోంది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగినప్పటినుంచి ఆమె మంచం దిగలేదు. షుగర్ ఉంది కాబట్టి పుండు పడితే మానదని దవాఖానలో గట్టిగా చెప్పి పంపించారు. అందుకే సుకన్య చక్రాల మంచం ఒకటి, చిన్న మోటారుతో నడిచే గాలిపరుపు ఒకటి తెచ్చి వేసింది. కరెంటు ఉన్నంతసేపు ఆ పరుపు ఒకచోట ఉబ్బుతూ ఒకచోట తగ్గుతూ ఒంటి బరువును మారుస్తూ ఉంటుంది. కరెంటు పోతే గాలి దిగిపోయి ముసలమ్మ వీపు మంచం రేకుకు ఆనుతుంది. అప్పుడు సుకన్య ఒక్కతే ఆమెను ఇటూ అటూ తిప్పుతూ కూర్చోవాలి.

"జెల్ది ఏదో ఒకటి తెండ్రి. అత్తమ్మ వీపు ఎర్రగైతాంది" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. "ఆగమాగం కొంటే మోసపోతం" అనేవాడు అతను. మెట్లమీద ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

చివరికి ఇన్వర్టర్ వచ్చింది. బిగించడానికి ఆతిఫ్ అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. నీళ్ల మోటారు వేయడానికి కిందికి దిగిన నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, ఏ రూంలకు లైన్ గుంజాలె?" అన్నాడు ఆతిఫ్.

"హాలుకు, మా బెడ్రూంకు, దేవుని అర్రకు" అన్నాడు సదానందం.

"ఎనుక రూంకు?"

"దానికైతే గోడ పలగ్గొట్టాలె గదా. మొన్ననే రంగులేయించిన. అండ్ల ఎవ్వరుండరు తియ్."

వెనక గది తలుపు తెరిచే ఉంది. సమ్మమ్మ మెలకువగానే ఉంది. సుకన్య వంటింట్లోంచి వచ్చి, "అత్తమ్మ ఉంటది గదా. ఆ పరుపు మోటరుకు జీరో బల్బంత కరెంటు గూడ పట్టదు" అంది.

"నడుమల నువ్వు మాట్లాడకు" అన్నాడు. ఆతిఫ్ ఇద్దరి మొహాలూ చూసి, యజమాని చెప్పినట్టే చేసి వెళ్లిపోయాడు. తర్వాత సుకన్య హాల్లోంచి వెనక గదికి పొడుగు వైరు లాగితే, కాళ్లకు అడ్డం తగులుతోందని సదానందం దాన్ని చుట్టి బీరువా మీద పడేశాడు. ఇలాంటి మనిషికి నెలనెలా అద్దె ఇస్తున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

దుకాణానికి సెలవున్న రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చి కరెంటు పోయింది. హాల్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను, టీవీ నడుస్తున్నాయి. సదానందం, అతని దోస్తు ఎల్లస్వామి సోఫాలో కాళ్లు చాపుకుని క్రికెట్ చూస్తున్నారు. సుకన్య మెట్లకిందినుంచి నన్ను పిలిచింది.

"అక్కా, జర ఓ చెయ్యేస్తవా?"

పరుపు అప్పటికే చప్పబడింది. ఇద్దరం కలిసి మంచాన్ని సమ్మమ్మతో సహా హాల్లోకి తోసుకొచ్చాం. సోఫాకు తగిలితే ఎల్లస్వామి గబుక్కున లేచి పక్కకు జరిగాడు. సుకన్య టీవీ ప్లగ్గు పీకి ఆ చోట పరుపు మోటారు ప్లగ్గు పెట్టింది. పరుపులోకి మళ్లీ గాలి ఎక్కసాగింది.

"ఏందీ లొల్లి? వాపస్ తీస్కపో" అన్నాడు సదానందం.

"కరెంటు ఈడున్నది. అత్తమ్మ గూడ ఈడనే ఉంటది" అంది సుకన్య. ఆమె గొంతు పెంచలేదు.

ఎల్లస్వామి మంచం దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, మంచిగున్నవా?" అని అడిగి, ఏం చేయాలో తోచక రిమోట్ టీపాయ్ మీద పెట్టాడు. దోస్తు ముందు సదానందానికి తల కొట్టేసినట్టయింది. వంగి, దుకాణంలో చీరలు చూపించే గొంతు తెచ్చుకున్నాడు.

"అమ్మా, రేపే ఆతిఫ్‌ను పిలుస్త. గోడ పలగ్గొట్టిచ్చి నీ రూంల లైన్ ఏయిస్త. ఇప్పటికైతే లోపలికి పోదమా?"

సమ్మమ్మ కొడుకు మొహంలోకి చూసింది.

"ఎందుకు బిడ్డా, గోడ ఖరాబైతది" అంది. "అండ్ల ఎవ్వరుండరు గదా."