సూరమ్మ పొయ్యికి అడవి నిప్పు

నూకరాజు నోట "సరే" తప్ప ఇంకో మాట రాదు. పుట్టుకతోనే అంతో, రైల్వేలో చేరాక అలా తయారయ్యాడో గానీ, రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పార్వతీపురం పక్క పల్లె మనిషి. మీసం రాకముందే పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరాడు, కాస్త వయసొచ్చాక కీమేను అయ్యాడు. భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, ఎక్కడ చీల వదులైతే అక్కడ బిగించుకుంటూ పోవడం ఆ ఉద్యోగం. ఇనప చీలలు బిగించడం వచ్చింది గానీ, ఎదటి మనిషిని పట్టుకుని "కుదరదు బాబూ" అనడం మాత్రం చచ్చినా రాలేదు.

ఆదివారం నా డ్యూటీ నువ్వు చేసిపెట్టు అంటే సరే. రెండు బుట్టల బొగ్గు ఇయ్యి, జీతాలొచ్చాక ఇచ్చేస్తాను అంటే సరే. ఊరి నుంచి వచ్చిన మేనల్లుడు ఉద్యోగం దొరికేదాకా ఇక్కడే ఉంటానంటే అదీ సరే. ఇంత మెతక మనిషి ఉంటాడా అంటే, ఉన్నాడు మరి!

అతని తరఫున కాదనే పనంతా పెళ్ళాం సూరమ్మే చూసుకునేది. చీర చెంగు బొడ్లో దోపుకుని గుమ్మంలోకి వచ్చిందంటే వీధి వీధంతా సర్దుకునేది. "ఏటి బాబూ, మా ఆయనకి ఆదోరం నేదా? ఆయన మడిసి కాడా? నీ డ్యూటీ నువ్వు సేసుకో, పో!" అనేది. బొగ్గు పట్టుకెళ్ళినవాళ్ళ ఇంటికి తనే వెళ్ళి బుట్ట నింపుకొచ్చేది. మేనల్లుడికి ఒకనాటి పొద్దున్నే పెట్టె సర్ది చేతిలో పెట్టింది. కాలనీలో ఆడా మగా ఒకటే మాట. "నూకరాజు దేవుడు. పెళ్ళామే గయ్యాళి." ఆ మాట నూకరాజు చెవిన చాలాసార్లు పడింది. పడినప్పుడల్లా తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. లోపల ఎక్కడో కాస్త హాయిగా కూడా ఉండేది, దాచుకోవడం దేనికి.

పిల్లల్లేరు. పంతొమ్మిది వందల ఎనభై మూడు మాఘమాసంలో సూరమ్మకి జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళితే మాత్రలిచ్చారు. మాత్రలు అయిపోకముందే మనిషి అయిపోయింది.

వీళ్ళ వంశంలో ఒక పద్ధతుంది. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి ఆర్పేస్తారు. పెద్దదినం దాకా మళ్ళీ ముట్టించరు. ముట్టించేటప్పుడు అగ్గిపుల్ల పనికిరాదు. అది అంగట్లో కొన్న నిప్పు, పోయిన మనిషికి అందదంటారు. అడవికి వెళ్ళి, కర్రతో కర్ర రాపాడించి, పుట్టిన నిప్పురవ్వని చెట్టుమాను మీద మొలిచే ఎండు గొడుగులో పట్టుకుని ఇంటికి తేవాలి. ఆ గొడుగు వర్షానికి పుట్టి ఎండకి పోయే పుట్టగొడుగు లాంటిది కాదు. చెక్కలా గట్టిగా, మానుకి చెవి అతికించినట్టు ఉంటుంది. రవ్వ అంటుకుంటే మంట రాదు, ఆరదు. లోలోపలే కనకనలాడుతూ పూటంతా ఉంటుంది. ఆ నిప్పుతో వండిన అన్నం పోయినవాళ్ళకి పెడితేనే వాళ్ళు ఇంటిమనుషుల్లో కలుస్తారు. లేకపోతే గుమ్మం బయటే నిలబడి ఉండిపోతారట. నమ్మినా నమ్మకపోయినా, నూకరాజు నమ్మాడు. సూరమ్మ గుమ్మం బయట నిలబడి ఉందని, తను లోపల కూర్చున్నాడని తలుచుకుంటే లేచి నిలబడిపోయేవాడు.

తన తల్లి పోయినప్పుడు ఆ నిప్పు అతనూ సూరమ్మా కలిసి తెచ్చారు. అది ఇద్దరి పని. నిలువు పుల్లని అరచేతుల మధ్య పెట్టి కవ్వంలా తిప్పుతుంటే చేతులు కిందికి జారిపోతాయి. కిందికి చేరేలోపు రెండో మనిషి పైన అందుకోవాలి. ఆగిందా, వేడంతా పోతుంది. ఆనాడు సూరమ్మ తిప్పుతూనే తిట్టింది, తిడుతూనే నవ్వింది. ఇప్పుడు రెండో జత చేతులు లేవు.

పెద్దదినం పొద్దున్నే మొలకి పంచె బిగించి, ఒక మట్టి పిడత చంకలో పెట్టుకుని బయల్దేరాడు. గోడవతల క్వార్టర్లో సుభద్ర అప్పటికే లేచి ముగ్గేస్తోంది. ఆవిడది కరీంనగర్ వైపు, మొగుడు రైల్వేలోనే ఫిట్టరు. ఇన్నాళ్ళూ నూకరాజుకి ముద్ద పెట్టింది ఆ తల్లే. సూరమ్మ ఉన్నప్పుడు ఇద్దరికీ బొత్తిగా పడేది కాదు. పోయాక మాత్రం ఒక్క పూట మరవకుండా కంచం పట్టుకొచ్చింది.

"ఏడికి పోతున్నవ్ అన్నా పొద్దుగాల్నే?"

"లైను మీదకి ఎల్లొస్తానమ్మా."

"తొందరగ రా. ఇయ్యాల పెద్దదినం గదా. మాపటికి నేనే వచ్చి మీ పొయ్యి ముట్టిస్త. మా దిక్కు గట్లనే చేస్తరు, పక్కింటి ఆడిబిడ్డ ముట్టియ్యాలె. నాలుగు మెతుకులు వండి నీకు పెట్టిపోత."

నూకరాజు నోరు తెరిచాడు. వద్దమ్మా, మా పద్ధతి వేరు అందామనే తెరిచాడు. ఇన్నాళ్ళు అన్నం పెట్టిన మనిషి, ముగ్గుపిండి చేత్తో అంత ప్రేమగా చెబుతోంది.

"సరేనమ్మా" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి జారిన మరుక్షణం కాళ్ళకి తొందర పుట్టింది. ఆవిడ కంటే ముందు తను నిప్పు పట్టుకుని ఇల్లు చేరాలి. అంతే. అప్పుడిక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పనుండదు. ఇలా చెప్పకుండా తప్పించుకునే దారి వెతకడంలో మాత్రం నూకరాజుని మించినవాడు లేడు.

పాసింజరు మహాసముంద్ దాటి భీంఖోజ్‌లో దింపింది. ఆ లైను అతను నడిచిన లైనే. పట్టాలు వదిలి అడవిలోకి పోయాడు. మాఘమాసపు ఎండ, కింద ఆకులు కరకరలాడుతున్నాయి. మనిషి అలికిడి లేదు. గ్యాంగులో ఉన్న రోజుల్లో ఇదే అడవిలో నలుగురితో కూర్చుని చద్దన్నం తిన్నాడు. ఒంటరిగా రావడం ఇదే మొదలు. అడవి ఇంత పెద్దదని అప్పుడు తెలీలేదు.

ఒక మద్దిమాను మీద గొడుగు కనబడితే ఆత్రంగా ఊడబెరికాడు. మెత్తని చెక్కకి గుంట చేసి, పక్కన గాటు పెట్టి, కిందకి గొడుగు తురుము సర్ది, ఎండు కందిపుల్ల నిలబెట్టాడు. చెక్కని పాదాల కింద అదిమిపట్టి తిప్పడం మొదలుపెట్టాడు. చేతులు కిందికి జారాయి. మళ్ళీ పైకి తెచ్చేలోపు పొగ ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. అరచేతులు ఎర్రబడి, బొబ్బలెక్కి, బొబ్బలు చితికాయి. సుత్తి పట్టిన చేతులే, అయినా చితికాయి. ఎట్టకేలకు గాటులోంచి నల్లటి పొడి రాలి, చిన్న రవ్వ మెరిసింది. తురుము మీద పడి, సుయ్యిమని చచ్చిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది సూరమ్మ తిట్టు. "పచ్చిది ఏటికి పనికొస్తాది? ఏలితో కొట్టి సూడు. సెక్కలా మోగాల." గొడుగు వెతికేది ఎప్పుడూ ఆవిడే. ఇతను పక్కన నిలబడి సరే సరే అంటూ ఉండేవాడు.

లేచి అడవంతా తిరిగాడు. కనబడ్డ ప్రతి గొడుగునీ వేలితో కొట్టాడు. పడిపోయిన ఒక మోడు అడుగున, ఎండ తగిలే వైపు, ఠక్కుమని మోగేది దొరికింది. దాని అంచు కాస్త తురిమి మళ్ళీ కూర్చున్నాడు. "ఇదిగోనే, ఇప్పుడు నువ్వు పట్టుకో" అని పైకే అన్నాడు. జవాబు రాదని తెలుసు. అయినా అనకుండా ఉండలేకపోయాడు. కళ్ళు మూసుకుని ఒకే ఊపున తిప్పాడు, నెత్తురు పుల్లకి అంటుకున్నా ఆపలేదు. ఈసారి రవ్వ గొడుగులోకి దిగింది. అంచు ఎర్రగా పాకింది. నూకరాజు దాన్ని పిడతలో పెట్టి, పైన ఇంటినుంచి తెచ్చిన బూడిద చల్లి, మూకుడు మూసి, గుడ్డ చుట్టాడు. ఆ పిడత వెచ్చగా పొట్టకి తగులుతుంటే, సూరమ్మ పోయాక మొట్టమొదటిసారి ఇంటికి వెళ్ళాలనిపించింది.

తిరుగు పాసింజరు ఆలస్యంగా వచ్చింది. అయినా ఫరవాలేదు, పొద్దుకుంకేలోపు చేరొచ్చు. పెట్టెలో కిటికీకి దూరంగా, గాలి తగలని మూల చక్కగా చోటు దొరికింది. రైల్లో నిప్పు తేకూడదని రైల్వే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. పిడత పంచె కింద దాచుకుని కూర్చున్నాడు.

మహాసముంద్‌లో ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం ఎక్కింది. ఇంటాయన నూకరాజు ముందు నిలబడి, బాబాయిని పిలిచినట్టు "కకా, ఆడవాళ్ళున్నారు, కాస్త చోటిస్తారా?" అని హిందీలో అడిగాడు. పెట్టెలో ఇంకా నలుగురు మగాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. వాళ్ళని అడగలేదు. మెతకవాణ్ణి చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది కాబోలు. నూకరాజు "ఠీక్ హై" అని లేచాడు. నిలబడడానికి తలుపు దగ్గర తప్ప చోటు లేదు. అక్కడ గాలి ఈడ్చి కొడుతోంది. గాలి తగిలితే నిప్పు నిదానంగా పాకదు, గొడుగుని తినేస్తుంది. మహానది వంతెన మీద పిడత మరీ వేడెక్కింది. వీపు గాలికి అడ్డం పెట్టి, చొక్కా విప్పి చుట్టి, చంటిబిడ్డని దాచుకున్నట్టు దాచుకున్నాడు. రాయపూర్‌లో దిగి ఒక పక్కకి వెళ్ళి మూకుడు తీస్తే, చింతగింజంత ఎరుపు మిగిలింది.

పరుగులాంటి నడకతో కాలనీ చేరాడు. దూరం నుంచే కనబడింది, తన పెరట్లోంచి పొగ.

సుభద్ర పొయ్యి అలికి, పసుపు రాసి, ముట్టించేసింది. అన్నం వార్చింది, పప్పు దించింది. సూరమ్మకని ఓ విస్తట్లో విడిగా తీసి కూడా పెట్టింది. ఇతన్ని చూడగానే మొహం విప్పారింది.

"వచ్చినవా! మొగం చూడు ఎట్ల గుంజుకపోయిందో. కాళ్ళు కడుక్కొని కూసో అన్నా, వేడి వేడిగ పెడ్త."

అప్పటికీ మించిపోయింది లేదు. పిడతలో రవ్వ ఇంకా ఉంది. ఆ కట్టెలు ఇవతలకి లాగేసి, బూడిద ఊడ్చి, ఈ రవ్వ పెట్టి ఊదితే చాలు. ఆ మాట చెబితే చాలు. నూకరాజు పిడతని గుమ్మం పక్కన దించాడు.

"సరేనమ్మా" అన్నాడు.

కూర్చుని తిన్నాడు. ముద్ద దిగడం లేదు. కళ్ళు పిడత మీదే. ఆవిడ మారు వడ్డిస్తే వద్దనలేక అదీ తిన్నాడు. సుభద్ర గిన్నెలు కడిగి, సూరమ్మని తలుచుకుని కళ్ళొత్తుకుని, నిదానంగా వెళ్ళింది. ఆవిడ గడప దాటగానే మూకుడు తీశాడు. తెల్లటి బూడిద. ఊదాడు. ఎగిరి మొహాన పడింది. వేలు పెట్టి చూశాడు, చల్లగా ఉంది.

ఆ రాత్రి అతను గుమ్మం వైపు చూడలేకపోయాడు.

తెల్లవారింది. నూకరాజు లేచి పొయ్యిలో చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. పెద్దదినం దాటిపోయాక తెచ్చిన నిప్పు చెల్లుతుందో లేదో అడుగుదామంటే, ఆ సంగతులు తెలిసిన మనిషే లేదు. చెల్లినా చెల్లకపోయినా మళ్ళీ వెళ్ళాలనుకున్నాడు. గోడ దగ్గరకి వెళ్ళాడు. అధికారుల ముందు కూడా ఎప్పుడూ అంత బెదరలేదు.

"సుభద్రమ్మా."

"ఏందన్నా?"

"ఇయ్యేళ మా పొయ్యి ముట్టించకమ్మా. మా వంశంలో అడివి నిప్పే తేవాల. నాను తెస్తాను. అన్నం కూడా ఒద్దు."

అనేశాడు. అని, ఆవిడ మొహం మాడుతుందని, కంచం విసిరికొడుతుందని, వీధంతా వింటుందని కళ్ళు దించుకుని నిలబడ్డాడు.

"అయ్యో, గట్లనా? నాకేం ఎరుక? నిన్ననే చెప్తే అయిపోతుండె గదా అన్నా" అంది సుభద్ర, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూనే. "సరే, పోయిరా. జాగ్రత్త."

అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు.

నూకరాజు ఇంట్లోకి వచ్చి తడి పొయ్యి ముందు చతికిలబడ్డాడు. ఇంత తేలికా! ఇంత తేలికైన మాట తను ఒక్కసారీ అనకపోవడం వల్ల కదా, అన్నీ సూరమ్మ అనాల్సొచ్చింది! బొగ్గు బుట్టల దగ్గర, డ్యూటీల దగ్గర, మేనల్లుడి పెట్టె దగ్గర, ప్రతిచోటా. మెత్తగా ఒక్క ముక్క తను చెప్పి ఉంటే ఆవిడ గట్టిగా అరవాల్సిన అవసరమే ఉండేది కాదు. దహనానికి వచ్చిన కాలనీవాళ్ళు కూడా "పాపం నూకరాజు" అన్నారు గానీ, "పాపం సూరమ్మ" అన్నవాడు ఒక్కడు లేడు.

పోయిన నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. చితికిన అరచేతులు మొహానికి అదుముకుని గొల్లుమన్నాడు.

"నన్ను మంచోణ్ణి సెయ్యడానికి నువ్వు గయ్యాళివైపోనావే, సూరీ!"

గోడవతల సుభద్ర విని, బియ్యం చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నూకరాజు కళ్ళు తుడుచుకుని, పిడత కడిగి, స్టేషనుకి నడిచాడు.